కశ్మీర్ గుల్మార్గ్‌లో స్కీ క్లబ్ వాళ్ల బ్యాక్‌కంట్రీ ట్రిప్, నెల్లూరు నుంచి పోయొచ్చిన వాడి రివ్యూ

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తుండా. కోసిన ఒక్క స్టారు అద్దె బూట్లకీ, వాట్సాప్ గ్రూపులో వాళ్లు చేసిన గందరగోళానికీ. మిగతా నాలుగూ ఎందుకంటే ఒకరోజు సగం కొండెక్కినాక మమ్మల్నందర్నీ వెనక్కి తిప్పకొచ్చినందుకు. ఇదేం లెక్కరా అనుకుంటారేమో, కింద వివరంగా రాసినా, ఓపికుంటే చదవండి, లేకపోతే బూట్ల గురించి రాసిన ముక్క ఒక్కటన్నా చదివి పొండి, అది చదవకుండా మాత్రం డబ్బులు కట్టబాకండి.

క్లబ్ పేరు రాయట్లేదు, అడగబాకండి. ఇట్టాంటి ట్రిప్పుల్లో లీడర్ మారితే ట్రిప్పే మారిపోద్ది, నేను పేరు రాస్తే మీరు ఆ పేరు చూసి గుడ్డిగా పోతారు, ఈ సారి ఇంకో లీడర్ వస్తే నన్ను తిడతారు. పేరు కన్నా ఏమేం అడిగి తెలుసుకోవాల్నో తెలిస్తే ఏ క్లబ్బుకైనా పనికొస్తది.

ముందు అసలు ఇదేందో చెప్తా, ఎందుకంటే మా ట్రంకు రోడ్డు బ్యాచ్‌లో సగంమందికి స్కీయింగ్ అంటే సినిమా పాటల్లో జారడమే. మామూలు స్కీయింగ్‌లో గండోలా, అంటే తీగ మీద పోయే రోప్‌వే డబ్బా, ఎక్కి పైకి పోయి, చదును చేసిన వాలు మీద జారి కిందికొస్తారు, మళ్లీ గండోలా ఎక్కుతారు. మేం పోయిన బ్యాక్‌కంట్రీది టూరింగ్ అంటారు, అది అట్టా కాదు, లిఫ్టు లేని చోట స్కీలు కాళ్లకుండగానే కొండ ఎక్కాల, ఎక్కినాక జారాల. జారే చెక్క మీద పైకి ఎక్కడం ఎట్టా అంటే, స్కీ అడుగున స్కిన్ అని ఒక పట్టీ అంటిస్తారు, దాని నూగు అంతా ఒకే వైపుకి వాలి ఉంటది, పిల్లి వీపు తల నుంచి తోక దాకా నిమిరితే నున్నగా ఉంటది కదా ఎదురు నిమిరితే చెయ్యి ఆగిపోద్ది, అంతే, ముందుకి జారద్ది, వెనక్కి జారదు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ కూడా వేరే రకం, ఎక్కేటప్పుడు మడమ పైకి లేస్తది, దిగేటప్పుడు మడమ లాక్ చేసుకోవాల. పైకి చేరినాక ఆ స్కిన్స్ పీకి, జిగురు జిగురు కలిసేటట్టు మడిచి, జాకెట్ లోపల పొట్టకాడ పెట్టుకోవాల, బయట పెడితే జిగురు గడ్డకట్టి మళ్లీ అంటుకోదు. రెండు మూడు గంటలు ఎక్కితే పావుగంట జారుడు. ఈ లెక్క నచ్చనోళ్లు గండోలా టికెట్ తీసుకుని హాయిగా తిరగండి, తప్పేం లేదు.

ఇంకోటి, స్కీయింగ్ అస్సలు రానోళ్లకి ఇది కాదు. నాకూ మా బావకీ అంతకుముందే గుల్మార్గ్‌లో బేసిక్ కోర్సు అయ్యుండాది. గుల్మార్గ్‌లో కేంద్ర ప్రభుత్వ టూరిజం శాఖ కింద ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది, మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయీ పేరు మీద ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఇట్టాంటి చోట ముందు పడటం, లేవడం, ఆగడం, మలుపు తిప్పడం నేర్చుకోండి. టూరింగ్‌లో మంచు ఎవరూ చదును చేసి పెట్టరు, మోకాలి లోతు పొడి మంచు, దాని కింద గట్టి పెంకు, చెట్ల మధ్య సందులు. నేర్చుకోకుండా వస్తే మీ ఒక్కరి వల్ల గ్రూపంతా చలిలో నిలబడాల.

క్లబ్ వాళ్లు ఈ విషయంలో బలే గట్టిగా ఉన్నారు, అది నాకు నచ్చింది. ఫారంలో నువ్వు ఏ వాలు మీద ఎట్టా దిగగలవు, ఎంత బరువుతో ఎంతసేపు ఎక్కగలవు, ఆస్తమా, బీపీ లాంటివి ఉన్నాయా, అన్నీ అడిగినారు. అది కాక ఫోన్ చేసి మళ్లీ అవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడిగినారు. మా బావ ఫారంలో రొంత ఎక్కువ రాసుకున్నాడు, ఫోన్ చేసిన క్లబ్ ఆవిడ రెండు ప్రశ్నలకే పట్టేసింది, "సార్, మీరు నెమ్మది గ్రూపులో రండి" అని మర్యాదగానే చెప్పింది. మా బావకి మొహం మాడింది గానీ తర్వాత ఆ గ్రూపే ఆయన్ని కాపాడింది. నాదీ అదే గ్రూపు లెండి. డబ్బులు కడతానంటే చాలు ఏ ప్రశ్నా అడక్కుండా చేర్చుకునే క్లబ్ ఉంటే అక్కడే ఆగిపోండి.

ప్రాక్టీసు ఎట్టా చేసినారని చానామంది అడుగుతుండారు. నెల్లూరులో చలికాలం అంటే తుఫాను కాలమే కదా, మంచు యాడ తెస్తాం. నరసింహకొండ మెట్లు, కుదిరిన ఆదివారం ఉదయగిరి దుర్గం, వీపున నీళ్ల క్యాన్లు పెట్టిన బ్యాగు. ఉదయగిరి కొండ ఎక్కితే ఊపిరికి మంచిదే, కాకపోతే అక్కడ చెమట కారితే హాయి, గుల్మార్గ్‌లో చెమట కారితే ప్రమాదం. ఈ ముక్క లీడర్ మొదటిరోజే చెప్పినాడు, బయల్దేరేటప్పుడు రొంత చలేస్తుండాల, అప్పుడే నడక మొదలెట్టాల, వెచ్చగా మూట కట్టుకుని బయల్దేరితే పదినిమిషాలకే లోపలంతా తడిసిపోద్ది, ఆగిన వెంటనే ఆ తడి ఐసవుద్ది. మనోళ్లకి ఇది చెప్తే ఎక్కదు, చలంటే ఉన్నవన్నీ వేసుకోవడమే మనకి తెల్సింది. కాటన్ బనీన్లు అస్సలు వద్దు, బ్యాగులోనుంచే తీసేయండి. ఉన్నివో, సింథటిక్‌వో వేసుకోండి.

ప్రయాణం గురించి ఎక్కువ రాయను. చెన్నై పోయి విమానం ఎక్కి ఢిల్లీ, ఢిల్లీ నుంచి శ్రీనగర్, అక్కడ్నుంచి తంగ్‌మార్గ్ మీదుగా గుల్మార్గ్ యాభై కిలోమీటర్ల దాకా ఉంటది. తంగ్‌మార్గ్ కాడ నుంచి ఘాట్ రోడ్డు, మంచు పడినప్పుడు టైర్లకి గొలుసులు కట్టిన బండ్లో ఫోర్ బై ఫోర్ బండ్లో తప్ప పోవు, దానికి వేరే డబ్బులు, క్లబ్ ప్యాకేజీలో అది లేదు, ముందు చెప్పలేదు కూడా. ఇంకోటి చెప్పలేదు, మన ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూ కశ్మీర్‌లో పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తాయి. శ్రీనగర్ విమానాశ్రయంలో దిగి ఫోన్ చేద్దామంటే మా బావ ఫోన్‌లో సిగ్నల్ లేదు, ఇంటికాడ మా అక్క కంగారు పడిపోయింది. కిట్ లిస్టులో గ్లోవ్స్ నుంచి లిప్ బామ్ దాకా అన్నీ రాసినోళ్లు ఈ ఒక్క లైను రాయొచ్చు కదా.

గుల్మార్గే దాదాపు 2,650 మీటర్ల ఎత్తు. సముద్రం పక్కనోళ్లం మనం, రాగానే తల పట్టేసినట్టుంటది, ఆకలెయ్యదు, నిద్ర పట్టదు. క్లబ్ వాళ్లు మొదటిరోజు కొండ మాటే ఎత్తకుండా కింద చదును నేల మీదే ఉంచినారు, అది మంచి పని. ఆ రోజంతా బీకన్ ప్రాక్టీసు.

బీకన్ అంటే ఛాతీకి కట్టుకునే చిన్న రేడియో పెట్టె. మామూలప్పుడు సిగ్నల్ పంపిస్తా ఉంటది, ఎవరన్నా మంచు చరియ కింద పడితే మిగతావాళ్లు తమ పెట్టెల్ని వెతికే మోడ్‌కి మార్చి ఆ సిగ్నల్ పట్టుకుని పోవాల. ప్రపంచమంతా ఒకే ఫ్రీక్వెన్సీ, 457 కిలోహెర్ట్జ్, అందుకే ఏ కంపెనీ పెట్టె అయినా ఇంకో కంపెనీ దాన్ని పట్టుకుంటది. దాంతో పాటు మడిచి పెట్టుకునే పొడవాటి ప్రోబ్ కర్ర, అల్యూమినియం పార. ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాల్సిందే, గ్రూపుకి ఒక సెట్టు అంటే కుదరదు, ఎందుకంటే పారలన్నీ కూరుకుపోయినోడి బ్యాగులోనే ఉంటే తవ్వేదెవరు.

లీడర్ ఒక బీకన్‌ని సంచిలో చుట్టి మంచులో పూడ్చిపెట్టి, స్టాప్‌వాచ్ నొక్కి వెతకమన్నాడు. చూసేదానికి పిలకాయల ఆట మాదిరి ఉంటది గానీ చేతులు వణుకుతాయి. మంచులో పూర్తిగా కూరుకుపోయినోళ్లని మొదటి 10 నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారంట, అరగంటకి అది మూడోవంతు దగ్గరికి పడిపోద్దంట, గాలాడక. అంటే హెలికాప్టర్ వస్తదిలే, ఆర్మీ వస్తదిలే అనుకునేదానికి లేదు, పక్కనున్నోడే కాపాడాల. ఇది అర్థమైనాక నేను నా చుట్టూ ఉన్నోళ్లని ఇంకో రకంగా చూసినా, వీళ్లలో ఎవడు తొందరగా తవ్వుతాడు అని. నవ్వుకోబాకండి, నిజం.

ఫోన్ బీకన్‌కి దగ్గరగా పెట్టుకుంటే సిగ్నల్ దెబ్బతింటదని, జేబులో ఒక జాన దూరంగా పెట్టమన్నారు, వెతికేటప్పుడైతే ఇంకా దూరం, లేకపోతే ఆఫ్. మా గ్రూపులో ఒకాయన వీడియోలు తీసే పిచ్చిలో ఫోన్ ఛాతీ మీదే తగిలించుకుని వస్తే బీకన్‌లో అంకెలు ఇష్టమొచ్చినట్టు ఎగిరినాయి, లీడర్ ఏం అరవలేదు, ఆయన చేతే మళ్లీ వెతికించినాడు, ఫోన్ ఉండి ఒకసారి, తీసేసి ఒకసారి. ఇట్టా చెప్పేవాడు దొరకడం అదృష్టం. పరీక్షలో నెమ్మదిగా చేసినోళ్లని సాయంత్రం మళ్లీ చేయించినారు, టైంలో కనుక్కునే దాకా కొండెక్కనియ్యలేదు. మా బావ చీకటి పడే దాకా వెతుకుతానే ఉన్నాడు పాపం.

రోజూ పొద్దున బయల్దేరేకాడ ఇంకో తంతు ఉంటది, లీడర్ ముందుకి పోయి నిలబడి తన బీకన్ వెతికే మోడ్‌లో పెడతాడు, మనం ఒక్కొక్కరం దూరం దూరంగా ఆయన ముందు నుంచి నడిచిపోవాల, సిగ్నల్ వస్తే తలూపుతాడు. ఇది ఒక్కరోజు కూడా మానలేదు. మీరు పోయిన క్లబ్‌లో ఇది చెయ్యకపోతే లీడర్‌నే అడగండి, మొహమాట పడబాకండి.

ఇక అసలు విషయం.

పీర్ పంజాల్ కొండలకి మంచు పడమటి గాలివానలతో వస్తది, రెండు మూడు రోజులు ఆపకుండా కురిసి ఒక్కసారిగా తేటబడద్ది. అట్టా తేటబడిన మర్నాడు పొద్దున ఆకాశం చూస్తే ఎవరికైనా ఎక్కాలనిపిస్తది, నీలంగా, ఒక్క మబ్బు లేకుండా. ఆ రోజు ప్లానులో అఫర్వత్ కొండ పక్కనున్న ఒక చిన్న శిఖరం భుజం దాకా, అంటే కొసకి రొంత కింద ఉండే గట్టు దాకా, పోవడం. గండోలా ఒకటో ఫేజ్‌లో కొంగ్‌దూరి స్టేషన్ దాకా పోయి, అక్కడ్నుంచి స్కిన్స్ వేసుకుని గండోలా హద్దు దాటి ఎక్కాల. గండోలా చుట్టూ హద్దు లోపల స్కీ పెట్రోల్ వాళ్లు చూసుకుంటారు, హద్దు దాటినాక నీ చావు నీదే.

పొద్దునే హోటల్లో లీడర్, లోకల్ కశ్మీరీ గైడూ కూర్చుని అవలాంచ్ బులెటిన్, అంటే మంచు చరియల హెచ్చరిక, చదివి వినిపించినారు. రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కింద డీజీఆర్ఈ అని ఉంది, ఇంతకుముందు సాసే అనేవాళ్లు, ఆర్మీ కోసం మొదలైంది, వాళ్లు హిమాలయాల్లో ఏ ప్రాంతంలో ఎంత ప్రమాదమో రోజూ చెప్తారు. 1 నుంచి 5 దాకా స్కేలు. అందరూ 5 కి భయపడతారు గానీ 5 ఉన్నరోజు ఎవడూ బయటికే పోడు, జనం పోయేది మధ్యలో 3 ఉన్నరోజునే, చావులు ఎక్కువ అక్కడే అని గైడు చెప్పినాడు. ఆ రోజు అదే ఉంది. అందుకే ఏ వాలు మీద పోవాల, ఏది ముట్టకూడదు అనేది టీ తాగతానే గీసి చూపించినాడు. 30 డిగ్రీల కన్నా తక్కువ వాలు అయితే మంచు జారడం చానా అరుదు, 30 నుంచి 45 మధ్య ఉన్నవే ప్రమాదం, మన దురదృష్టం ఏందంటే స్కీలకి మజా వచ్చేదీ ఆ వాలే.

రెండు గంటలు బాగానే ఎక్కినాం. ఒంగోలు నుంచి వచ్చిన ఒక అక్క ఉంది మా గ్రూపులో, గవర్నమెంటు స్కూల్లో పీఈటీ, యాభైకి దగ్గరుంటాయి, ఆవిడ ముందు మా ఊపిరి చాల్లేదు. కిక్ టర్న్ అని ఒకటి ఉంటది, ఏటవాలు మీద జిగ్‌జాగ్‌గా ఎక్కేటప్పుడు మలుపులో ఒక కాలు గాల్లోకెత్తి వెనక్కి తిప్పి పెట్టాల, నేను ప్రతి మలుపులో పడతా ఉంటే "తమ్ముడూ, కాలు చూడబాక, పోవాల్సిన దిక్కు చూడు" అని వెనకనుంచి చెప్తానే ఉంది. లీడర్ వంద సార్లు చెప్పినా రానిది ఆవిడ తెలుగులో ఒక్కసారి చెప్తే వచ్చింది.

శిఖరం భుజం కనిపిస్తుండాది, ఇంకో గంట కూడా లేదు. అప్పుడు చిన్న చదునులో అడుగు పెట్టంగానే కాళ్ల కింద "ధుమ్" అని మెత్తటి చప్పుడు, నేలంతా ఒక్క రవ్వ కుంగినట్టు. గైడు చెయ్యెత్తి అందర్నీ ఆపేసినాడు. పైన ఉన్న కొత్త మంచు గట్టి పలక మాదిరి అయిపోయి, దాని కింద పంచదార రవ్వ లాంటి పాత మంచు పట్టు లేకుండా ఉంటే ఆ చప్పుడు వస్తదంట. మళ్లీ వాళ్లు చెయ్యాల్సింది చేసినారు, పక్కన సేఫ్‌గా ఉన్నచోట గొయ్యి తవ్వి, 30 సెంటీమీటర్ల చదరంగా ఒక మంచు స్తంభం కోసి, పైన పార పెట్టి తట్టినారు. ముందు మణికట్టు మడిచి పది దెబ్బలు, తర్వాత మోచేతి నుంచి పది, తర్వాత భుజం నుంచి పది, ఎన్నో దెబ్బకి పలక ఊడొస్తదో చూస్తారు. మోచేతి దెబ్బలు మొదలైన కాసేపటికే పైపలక మొత్తం బల్లపరుపుగా జారి ఒళ్లో పడింది. చూసినోళ్లకి ఎవరికైనా అర్థమవుద్ది, నాకు పొట్టలో తిప్పింది.

ఆ తర్వాత లీడర్ చేసిన పని చూసే నేను ఈ రివ్యూ రాస్తుండా. తన అభిప్రాయం ముందు చెప్పలేదు. గ్రూపులో అందరికన్నా తక్కువ అనుభవం ఉన్నోడితో మొదలుపెట్టి ఒక్కొక్కర్నీ అడిగినాడు, పోదామా వద్దా అని. అనుభవం ఉన్నోడు ముందు మాట్లాడితే కొత్తోళ్లు నోరు తెరవరు కాబట్టి ఆ వరస. ముందు మా బావనే అడిగినాడు. మా బావ ఒక నిమిషం నేల చూసి "నాకు భయంగా ఉండాది, పోదాం వెనక్కి" అన్నాడు. నెల్లూరు రాజకీయాల మీద మైకు లేకుండా గంట మాట్లాడే మనిషి, ఆ ఒక్క మాట అనేదానికి ఎంత సిగ్గుపడ్డాడో చూడాల. ఒక్కరు వద్దన్నా గ్రూపు వెనక్కే అనేది క్లబ్ రూలు, ఫారంలోనే ఉంది, అయినా మిగతా అందర్నీ కూడా అడిగినాడు.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన ఒప్పుకోలేదు. ఇంత డబ్బు కట్టి, లీవు పెట్టుకుని వచ్చింది వెనక్కి పొయ్యేదానికా, ఎదురుగా కనిపిస్తుంటే, ఆ పక్కన వేరే గ్రూపు వాళ్లు ఎక్కుతానే ఉన్నారు కదా అని. వేరే గ్రూపు ఎక్కుతుండేది నిజమే. లీడర్ "వాళ్ల గొయ్యి వాళ్లు తవ్వుకున్నారో లేదో నాకు తెలీదు సార్, నా గొయ్యి నేను చూసినా" అన్నాడు. అంతే. స్కిన్స్ పీకించి, వచ్చిన దారిలోనే, ఒక్కొక్కర్నే దింపుతా, దిగినోడు ఎవరూ వాలు కింద ఆగకుండా పక్కకి తప్పుకునేటట్టు చూసుకుంటా, చెట్లలో తక్కువ వాలు ఉన్న వైపుకి తీసకపోయినాడు. అక్కడ రెండు సార్లు ఎక్కి దిగినాం, మోకాళ్ల దాకా పొడి మంచు, నా జన్మకి అది చాలు.

ఆ వాలు తర్వాత జారిందా అని అందరూ అడుగుతారు. జారలేదు. ఆ వేరే గ్రూపు కూడా పైదాకా పోయి ఫోటోలు దిగి బాగానే వచ్చింది. రాత్రి హోటల్లో ఆ ఫోటోలు చూసి హైదరాబాద్ ఆయన ఇంకా మండిపోయినాడు, క్లబ్‌కి ఒక్క స్టారు ఇస్తా అన్నాడు, ఇచ్చే ఉంటాడు. నేను మాత్రం ఆ నిర్ణయం కరెక్టే అంటా. ప్రమాదం ఉన్న వాలు మీద పదిసార్లు పోయినా తొమ్మిదిసార్లు ఏం కాదు, అదే దాంట్లో ఉన్న మోసం, ఏం కాని ప్రతిసారీ మనం చేసింది కరెక్టే అనుకుంటాం. అది కాక ఇది డబ్బు తీసుకుని నడిపే ట్రిప్పు, కస్టమర్‌ని శిఖరం ఎక్కించి ఫోటో తీయిస్తేనే మంచి రివ్యూ వస్తదని లీడర్‌కి తెలుసు, తెలిసీ వెనక్కి తిప్పినాడంటే ఆయన మాట మీద ఇంకోసారి కొండెక్కొచ్చు. వెనక్కి తిప్పినందుకు ఒక్క స్టారు ఇచ్చేవాళ్లు ఎక్కువైతే రేపు ఏ లీడరూ తిప్పడు, అప్పుడు పోయేది మన పిలకాయలే.

సరే, తిట్లు.

బూట్లు. టూరింగ్ బూటు మామూలు స్కీ బూటు కాదు, చీలమండ దగ్గర లాక్ తీస్తే ముందుకీ వెనక్కీ ఊగద్ది, నడిచేదానికి. బైండింగ్‌కి పట్టే చిన్న గుంటలు ముందూ వెనకా ఉంటాయి. ఇవి అద్దెకి దొరికే చోట్లు తక్కువ, క్లబ్ వాళ్లే తెప్పించినారు, మంచిదే. కానీ సైజు సెంటీమీటర్లలో ఉంటది, పాదం పొడవు కొలిచి పంపమన్నారు, పంపినాం, వెడల్పు ఎవరూ అడగలేదు. చెప్పుల్లో తిరిగి తిరిగి మనోళ్ల పాదాలు ముందు వైపు వెడల్పుగా ఉంటాయి, ఆ బూట్లేమో సన్నటి కాళ్ల కోసం చేసినట్టుండాయి. రెండో రోజుకే నా చిటికెన వేలి పక్క బొబ్బ, మా బావకి రెండు కాళ్లకీ. మార్చమంటే ఇంకో సైజు పెద్దది ఇచ్చినారు, దాంట్లో మడమ లేచి అక్కడ ఇంకో బొబ్బ. ఒంగోలు అక్క తనే సొంతంగా బూట్లు కొనుక్కుని, లోపలి లైనర్‌ని వేడి చేయించి కాలికి తగ్గట్టు అమర్చుకుని వచ్చింది, ఆవిడకి ఏ బాధా లేదు. కాబట్టి డబ్బులు కట్టేముందు పాదం వెడల్పు కూడా కొలిచి మెసేజ్ పెట్టి, జవాబు వచ్చే దాకా ఊరుకోబాకండి. సన్నటి ఉన్ని సాక్సు ఒక జత చాలు, రెండేసుకుంటే రక్తం ఆడక కాలు ఇంకా చల్లబడద్ది. బొబ్బ వచ్చేముందే ఎర్రబడ్డచోట టేపు వెయ్యండి.

వాట్సాప్ గ్రూపు సంగతి, రిపోర్టింగ్ టైం ముందు ఒకటి పెట్టినారు, తర్వాత మార్చినారు, మార్చిన మెసేజ్ గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య కొట్టుకపోయింది. ముఖ్యమైన మెసేజ్‌లకి వేరే గ్రూపు పెట్టండయ్యా. బ్రీఫింగ్ అంతా హిందీ, ఇంగ్లీషు కలిపి వేగంగా పోయింది, మాకు పర్లేదు గానీ మా గ్రూపులో గూడూరు పిలగాడొకడు హిందీ సగం అర్థం కాక తలూపతా ఉన్నాడు, రాత్రి మేము కూర్చోబెట్టి మళ్లీ చెప్పినాం. ప్రాణం మీదికొచ్చే విషయాలు చెప్పేటప్పుడు అర్థమైందా అని తిరిగి చెప్పించుకోవాల కదా.

తిండికి వంక లేదు. పొద్దున కశ్మీరీ రొట్టె, ఉప్పేసిన గులాబీ రంగు నూన్ చాయ్, అది మనోళ్లకి మొదటి గుక్కలో పడదు, నాకు చివరిదాకా పడలేదు, కాహ్వా అనే ఇంకో కశ్మీరీ టీ మాత్రం ఎన్ని కప్పులైనా తాగొచ్చు. మధ్యాహ్నం కొండ మీద రాజ్మా అన్నం ఫ్లాస్కులో. మా అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి డబ్బాలో నూనె పైన గడ్డకట్టింది, రూములో బుఖారీ పొయ్యి పక్కన పెడితే కరిగింది, ఆ రోజు నుంచి మా టేబుల్ దగ్గరికి రాని మనిషి లేడు, కశ్మీరీ గైడు కూడా అన్నంలో కలుపుకుని తిని డబ్బా సగం ఖాళీ చేసినాడు. నీళ్లకి పైపు బ్యాగులు తీసకపోబాకండి, పైపు గడ్డకడతది, ఫ్లాస్కులో వేడినీళ్లే దిక్కు.

ఆడవాళ్లు అడుగుతుండారు కాబట్టి ఒంగోలు అక్కని కనుక్కుని రాస్తుండా. రూము వేరే ఇచ్చినారు, గ్రూపులో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, లీడర్లు మర్యాదగా ఉన్నారు. కొండ మీద బాత్రూముకి చెట్టు చాటే, దానికి గ్రూపు ఎక్కడ ఆగాల, ఎవరు ఎటు తిరగాల అనేది లీడర్ మొదటిరోజే మామూలుగా చెప్పేసినాడంట, అడగాల్సిన ఇబ్బంది లేకుండా. అక్క ఫిర్యాదు ఒక్కటే, ఆడవాళ్ల సైజు జాకెట్లు అద్దెకి లేవు.

ఎప్పుడు పోవాల అంటే, కశ్మీరు వాళ్లు డిసెంబరు 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్ అంటారు, గట్టి చలి అదే. చలి ఉంటే మంచు ఉంటదని కాదు, 2024 జనవరిలో గుల్మార్గ్ మైదానం మట్టి కనిపిస్తా ఎండిపోయి ఉంది, నెలాఖరుకి గానీ మంచు పడలేదు, వార్తల్లో అందరం చూసినాం. అందుకని ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. మంచు లేకపోతే డబ్బు తిరిగి ఇస్తారా అని ముందే రాతపూర్వకంగా అడగండి, మా క్లబ్ వాళ్లు రీఫండ్ లేదు, వచ్చే సీజన్‌కి మారుస్తాం అన్నారు, అది నాకు అంత నచ్చలేదు.

ఇన్సూరెన్స్ పాలసీ తీసుకునేటప్పుడు అడ్వెంచర్ స్పోర్ట్స్ అనే మాట చూసి సంతోషపడబాకండి, హద్దు దాటిన స్కీయింగ్‌కి వర్తిస్తదా, కొండ మీద నుంచి కిందికి తెచ్చే ఖర్చు ఇస్తారా అని ఏజెంటుని గుచ్చి గుచ్చి అడగండి. మా ఏజెంటు మాగుంట లేఅవుట్‌లోనే ఉంటాడు, స్కీయింగ్ అంటే ఏంది సార్ అన్నాడు, వీడియో చూపిస్తే "దీనికి ఎవరిస్తారు సార్" అని నవ్వినాడు, తర్వాత ఆయనే రెండు రోజులు తిరిగి వేరే కంపెనీది పట్టుకొచ్చినాడు. మెయిల్‌లో రాయించుకునే దాకా ప్రీమియం కట్టబాకండి.